మూడు గడపల ఎల్‌ఎల్‌సీ

టెక్సస్‌లో ఎల్‌ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత కంపెనీ, పెట్టాలంటే నింపాల్సిన దరఖాస్తు ఫారం 205. కంపెనీ పేరేమిటి, కంపెనీ తరఫున కోర్టు కాగితాలు అందుకునే రిజిస్టర్డ్ ఏజెంట్ ఎవరు, నడిపేది సభ్యులా మేనేజర్లా, ఉత్తరాలు ఏ చిరునామాకు పంపాలి, దరఖాస్తు పెడుతున్నది ఎవరు? దాదాపు ఇంతే అడుగుతుంది. 300 డాలర్లు కట్టి ఆన్‌లైన్‌లో పంపేస్తే కంపెనీ పుట్టినట్టే. ఎవరు ఎంత పెట్టుబడి తెచ్చారు, ఎవరి వాటా ఎంత, రేపు ఒకరు తప్పుకుంటే లెక్క ఎలా తేల్చుకోవాలి అనే గడులు మాత్రం అందులో ఎక్కడా కనిపించవు.

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ముగ్గురు స్నేహితులు కలిసి టిఫిన్ సెంటర్ పెట్టారనుకుందాం. ఒకాయన 80 వేల డాలర్లు తెచ్చాడు. మిగిలిన ఇద్దరూ తలా పది వేలు వేశారు. మనలో మనకు కాగితాలెందుకని ఏమీ రాసుకోలేదు. అలాంటప్పుడు వాళ్ల తరఫున టెక్సస్ చట్టమే రాసి పెట్టి ఉంచింది. లాభాన్ని పెట్టుబడిని బట్టి పంచాలి. ఓటు మాత్రం తలకొకటి. రోజువారీ నిర్ణయాల్లో పదేసి వేలు పెట్టిన ఇద్దరూ ఒక మాట మీదుంటే, 80 వేలు పెట్టినాయన పక్కన కూర్చుని చూడాల్సిందే. ఈ సంగతి ఆయనకు తెలిసేది సాధారణంగా మొదటి తగాదా వచ్చినప్పుడే.

ఎల్‌ఎల్‌సీకి మూడు గడపలున్నాయి. కంపెనీకి ఉనికినిచ్చేది రాష్ట్రం. దాన్ని ఏ లెక్కలో చూడాలో తేల్చేది పన్ను శాఖ. దాని లోపలి కాపురం నడిచేది సభ్యులు రాసుకున్న ఒప్పందం మీద. ఒక గడప దాటితే మిగిలిన రెండూ దాటినట్టేనని చాలామంది అనుకుంటారు. రాష్ట్రానికి ఫీజు కట్టారు కాబట్టి పన్ను దారి కూడా తేలిపోయిందని, పన్ను రిటర్నులో వాటాలు చూపారు కాబట్టి యాజమాన్యం కూడా స్థిరపడిందని నమ్ముతారు. అమెరికాలో చిన్న వ్యాపారం చేస్తున్న తెలుగువాళ్లను తర్వాత ఇబ్బంది పెట్టే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ నమ్మకంలోంచే పుడుతున్నాయి.

చమురు కంపెనీ కోరిక

ఈ రూపానికి అర్ధ శతాబ్దం కూడా నిండలేదు. హామిల్టన్ బ్రదర్స్ అనే చమురు కంపెనీ విదేశాల్లో పనామా తరహా పరిమిత బాధ్యత సంస్థలను వాడుతూ, స్వదేశంలోనూ అలాంటిదే కావాలని పట్టుపట్టింది. మొదట అలాస్కాలో ప్రయత్నించింది, అక్కడ బిల్లు నెగ్గలేదు. 1977లో వయోమింగ్ ఒప్పుకుంది. కంపెనీకి ఉండే రక్షణ, భాగస్వామ్యానికి ఉండే పన్ను సౌలభ్యం రెండూ ఒకే చోట దొరకాలన్నది దాని ఉద్దేశం.

చట్టం వచ్చినా జనం రాలేదు. పన్ను శాఖ ఐఆర్‌ఎస్ దీన్ని భాగస్వామ్యంగా చూస్తుందా, కార్పొరేషన్‌గా చూస్తుందా అన్నది పదేళ్లకు పైగా తేలలేదు. 1982లో ఫ్లోరిడా చట్టం చేసినా పరిస్థితి మారలేదు. 1988లో ఐఆర్‌ఎస్ వయోమింగ్ ఎల్‌ఎల్‌సీని భాగస్వామ్యంగానే గుర్తిస్తూ రూలింగ్ ఇచ్చాక మిగతా రాష్ట్రాలన్నీ వరస కట్టాయి. 1997 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలతో ఏ పద్ధతిలో పన్ను కట్టాలో సభ్యులే ఎంచుకునే వీలు కలిగింది. పుట్టుక రాష్ట్రం చేతిలో, పన్ను కేంద్రం చేతిలో ఉండటం వల్ల వచ్చిన ఈ రెండు నాలుకల తీరు ఇప్పటికీ పోలేదు.

మొదటి గడప: రాష్ట్రం

ఎల్‌ఎల్‌సీకి దేశమంతటికీ ఒకే చట్టం లేదు, ఒకే ఫీజు లేదు, పుట్టిన కాగితానికి ఒకే పేరు కూడా లేదు. టెక్సస్, డెలావేర్, న్యూజెర్సీల్లో అది సర్టిఫికెట్ ఆఫ్ ఫార్మేషన్. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఫ్లోరిడాల్లో ఆర్టికల్స్ ఆఫ్ ఆర్గనైజేషన్. మసాచుసెట్స్‌లో పెట్టడానికి 500 డాలర్లు, ఆపైన ఏటా మరో 500. మిస్సోరీలో ఆన్‌లైన్‌లో 50 డాలర్లు కడితే చాలు, వార్షిక నివేదిక ఊసే లేదు. టెనెసీ సభ్యుల తలలు లెక్కపెడుతుంది. సభ్యుడికి 50 డాలర్ల చొప్పున కనీసం 300, గరిష్ఠంగా 3,000. ఫ్లోరిడాలో వార్షిక నివేదిక ఫీజు 138 డాలర్ల 75 సెంట్లు. మే 1 దాటితే దానిమీద మరో 400 పడుతుంది. పెన్సిల్వేనియాలో పదేళ్లకోసారి ఉన్న నివేదికను 2025 నుంచి ఏటా చేశారు. ఫీజు ఏడు డాలర్లే అయినా, ఇవ్వకుండా వదిలేస్తే కంపెనీ రద్దయ్యే రోజులు దగ్గర్లోనే ఉన్నాయి.

న్యూయార్క్‌ది మరో దారి. అక్కడ ఎల్‌ఎల్‌సీ పుట్టిన 120 రోజుల్లోగా, కౌంటీ క్లర్క్ చెప్పిన రెండు పత్రికల్లో వరసగా ఆరు వారాలు ప్రకటన వేయించాలి. వాటిలో ఒకటి దినపత్రిక, రెండోది వారపత్రిక. ప్రకటన వచ్చినట్టు పత్రికలిచ్చిన ప్రమాణ పత్రాలు జతచేసి, 50 డాలర్లు కట్టి రాష్ట్రానికి పంపాలి. మన్‌హాటన్ చిరునామా ఉంటే ప్రకటనల ఖర్చే వెయ్యి డాలర్లు దాటిపోతుంది. అదే ఆల్బనీ కౌంటీలో ఎంతో తక్కువ. దరఖాస్తులో 200 డాలర్ల ఫీజు చూసి ఊపిరి పీల్చుకున్నవాళ్లకు అసలు ఖర్చు తర్వాత తెలుస్తుంది. గడువులో ప్రకటన వేయించకపోతే వ్యాపారం చేసే అధికారమే నిలిచిపోతుంది.

కాలిఫోర్నియాలో దరఖాస్తుకు 70 డాలర్లు, రెండేళ్లకోసారి వివరాల పత్రానికి 20. ఇక్కడిదాకా చవకే. అయితే లాభం వచ్చినా రాకపోయినా ఏటా 800 డాలర్ల పన్ను కట్టాలి. ఆ పైన మరో ఫీజుంది, దాన్ని లాభం మీద కాకుండా మొత్తం రాబడి మీద లెక్కగడతారు. రాబడి రెండున్నర లక్షల డాలర్లు చేరితే 900, అయిదు లక్షలు చేరితే 2,500, పది లక్షలు చేరితే 6,000, యాభై లక్షలు చేరితే 11,790. ఏడాదికి 12 లక్షల అమ్మకాలున్న పెట్రోలు బంకులో గాలన్‌కు మిగిలేవి సెంట్లే. ఆ సంవత్సరం నష్టం వచ్చినా యజమాని 6,800 డాలర్లు కట్టాలి. కిరాణా కొట్టుకూ ఇదే లెక్క. సరుకు అమ్మి బతికేవాళ్ల మీద సేవలు అమ్మేవాళ్ల కంటే ఎక్కువ బరువు మోపే ఈ పద్ధతి న్యాయంగా లేదు.

టెక్సస్ దీనికి ఎదురు కొస. అక్కడ వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు, వ్యాపార సంస్థల మీద వేసే ఫ్రాంచైజ్ పన్ను ఉంది. 2024, 2025 రిపోర్టులకు 24 లక్షల 70 వేల డాలర్ల లోపు రాబడి ఉన్నవాళ్లకు పన్ను పడలేదు. పన్ను లేదు కదా అని కాగితం మానేస్తే మాత్రం చిక్కే. మే 15లోగా కంపెనీ వివరాల నివేదిక పంపకపోతే, ఆ సంస్థ వ్యాపార హక్కును పోగొట్టుకునే దాకా వెళ్తుంది.

ఇన్ని తేడాలున్నప్పుడు చవకైన రాష్ట్రం వెతుక్కోవాలనిపించడం సహజం. వయోమింగ్‌లో పెట్టండి, డెలావేర్‌లో పెట్టండి అనే ప్రకటనలు బతికేది ఈ ఆశ మీదే. వయోమింగ్‌లో పెట్టడానికి 100 డాలర్లు, ఏటా కనీసం 60. డెలావేర్‌లో వార్షిక నివేదిక లేదు, జూన్ 1లోగా 300 డాలర్ల పన్ను కడితే చాలు, సర్టిఫికెట్‌లో సభ్యుల పేర్లు కూడా అడగరు. కానీ ఫ్రీమాంట్‌లో ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసే వ్యక్తి వయోమింగ్‌లో కంపెనీ పెట్టినా, వ్యాపారం నడిచేది కాలిఫోర్నియాలోనే. అందుకని అక్కడ పరాయి రాష్ట్రపు సంస్థగా నమోదు చేసుకోవాలి, 800 డాలర్లూ కట్టాలి. వయోమింగ్ ఫీజు, అక్కడి రిజిస్టర్డ్ ఏజెంట్ ఫీజు దీనికి అదనం. నమోదు చేసుకోకపోతే, బాకీ ఎగ్గొట్టిన క్లయింటు మీద కాలిఫోర్నియా కోర్టులో దావా నడిపే వీలుండదు. వెంచర్ పెట్టుబడులు తెచ్చుకునేవాళ్ల సంగతి వేరు. దుకాణం, అద్దె ఇల్లు, ఒంటరి కన్సల్టింగ్ లాంటివాటికి మాత్రం తాము బతికే రాష్ట్రమే తక్కువలో తేలే దారి.

రెండో గడప: పన్ను

ఇంత హంగామాతో పుట్టిన కంపెనీ ఫెడరల్ పన్ను శాఖ కంటికి ఆనదు. ఎల్‌ఎల్‌సీ అనే వర్గమే ఐఆర్‌ఎస్ లెక్కల్లో లేదు. సభ్యుడు ఒక్కడే అయితే ఆ లాభనష్టాలు అతని సొంత రిటర్నులోనే, వ్యాపారానికి షెడ్యూల్ సి, అద్దెకు షెడ్యూల్ ఇ రూపంలో చేరతాయి. ఇద్దరు, ఆ పైన ఉంటే భాగస్వామ్యం. ఫారం 1065 దాఖలు చేసి, ఒక్కొక్కరి వాటాను కె-1 కాగితంలో చూపాలి. గడువు మార్చి 15. ఆలస్యమైతే జరిమానాను నెలకు, భాగస్వామికి ఇంతని లెక్కగడతారు. ఒక్కొక్కరికి నెలకు 200 డాలర్ల పైమాటే. పైసా లాభం లేని కంపెనీలో నలుగురు సభ్యులుండి అయిదు నెలలు మరిచిపోతే, జరిమానా నాలుగు వేలు దాటుతుంది.

భార్యాభర్తలిద్దరే సభ్యులైతే ఒక వెసులుబాటుంది. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరిజోనా సహా తొమ్మిది రాష్ట్రాల్లో దంపతుల సంపాదన ఉమ్మడి ఆస్తి. అక్కడ ఆలుమగలిద్దరి ఎల్‌ఎల్‌సీని ఒకే సభ్యుడున్న సంస్థగా చూపుకోవచ్చని 2002 నుంచి ఐఆర్‌ఎస్ ఒప్పుకుంటోంది. దాంతో 1065 బెడద తప్పుతుంది. న్యూజెర్సీ ఉమ్మడి ఆస్తి రాష్ట్రం కాదు. ఎడిసన్‌లోని దంపతులకు ఈ సౌకర్యం లేదు.

ఒంటరిగా వ్యాపారం చేసేవాళ్లను కంగు తినిపించేది స్వయం ఉపాధి పన్ను. ఉద్యోగంలో ఉన్నప్పుడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లలో సగం యజమాని కడతాడు. సొంత వ్యాపారంలో రెండు సగాలూ, అంటే 15.3 శాతం, తామే కట్టుకోవాలి. లక్ష డాలర్ల నికర లాభం మీద ఇది సుమారు 14,130 డాలర్లు. ఆదాయపు పన్ను ఆ పైన. దీన్ని తగ్గించుకోవడానికి చాలామంది ఫారం 2553 పెట్టి ఎస్ కార్పొరేషన్ పద్ధతికి మారతారు. యజమాని తనకు తాను జీతం ఇచ్చుకుని, ఆ జీతం మీదే ఈ పన్నులు కట్టి, మిగిలిన లాభాన్ని విడిగా తీసుకుంటాడు.

జీతం ఎంత ఉండాలన్నది తెగని పంచాయితీ. అయోవాలో ఒక అకౌంటెంట్ తనకు ఏడాదికి 24 వేల డాలర్ల జీతం రాసుకుని, దానికి ఎన్నో రెట్ల లాభం పక్కదారిన తీసుకున్నాడు. కోర్టు ఆయన పనికి తగిన జీతం 91,044 డాలర్లని తేల్చింది. 2012లో అప్పీలు కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. వాట్సన్ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పును ఎస్ కార్ప్ సలహా అడిగే ప్రతి క్లయింటు ముందూ సీపీఏలు, అంటే లైసెన్సున్న అకౌంటెంట్లు, పెట్టాలి.

తెలుగు కుటుంబాలకు ఇందులో మరో ముల్లుంది. ఎస్ కార్ప్‌లో వాటాదార్లు వంద మంది మించకూడదు, వాళ్లంతా అమెరికా పౌరులో, పన్ను లెక్కల్లో అక్కడి నివాసులో అయ్యుండాలి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ గడిపిన రోజుల లెక్క సరిపోతే నివాసుల కిందికే వస్తారు, ఇబ్బంది లేదు. హైదరాబాద్‌లో ఉన్న నాన్నగారి పేరు మీద ప్రేమతో అయిదు శాతం రాస్తే మాత్రం ఎస్ హోదా ఆ రోజుతోనే పోతుంది. ఉద్యోగం వదిలి ఇండియాకు తిరిగొచ్చేసిన భాగస్వామి వాటా అలాగే ఉంచుకున్నా, అమెరికాలో నివాస హోదా పోయిన రోజున జరిగేది అదే. అప్పట్నుంచి ఆ కంపెనీ మామూలు కార్పొరేషన్. లాభం మీద 21 శాతం పన్ను, పంచుకున్న డివిడెండు మీద మళ్లీ పన్ను.

మూడో గడప: సభ్యత్వం

ఎల్‌ఎల్‌సీలో వాటా అంటే షేరు లాంటిది కాదు. అందులో రెండు హక్కులు కలిసి ఉంటాయి: డబ్బు అందుకునే హక్కు, పెత్తనంలో పాలు పంచుకునే హక్కు. మొదటిదాన్ని ఎవరికైనా రాసివ్వవచ్చు. రెండోది ఇవ్వాలంటే మిగతా సభ్యులు ఒప్పుకోవాలి. సభ్యుడు చనిపోతే వారసులకు మామూలుగా దక్కేది మొదటిదే. లాభం పంచినప్పుడు భాగం వస్తుంది కానీ పంచమని అడిగే ఓటు రాదు. ఒక్కడే సభ్యుడై చనిపోతే డెలావేర్ లాంటి చోట్ల 90 రోజుల్లో వారసుల తరఫు ప్రతినిధి కంపెనీని కొనసాగించడానికి ఒప్పుకోవాలి. లేకపోతే కంపెనీ రద్దు దారి పడుతుంది.

ఇవన్నీ ఒప్పందం లేనప్పుడు వర్తించే నియమాలు. సభ్యుల ఒప్పందమైన ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో రాసుకుంటే దాదాపు అన్నిటినీ మార్చుకోవచ్చు. సభ్యుల రాతకు డెలావేర్ ఇచ్చే విలువ ఎంతటిదో 1999లో అక్కడి సుప్రీంకోర్టు ఎల్ఫ్ ఆటోకెమ్ కేసులో చూపింది. తగాదాను కాలిఫోర్నియాలోనే తేల్చుకుంటామని ఒప్పందంలో రాసుకున్నవాళ్లు డెలావేర్ కోర్టుకెక్కితే, మీ రాతే మీకు వర్తిస్తుందని పంపేసింది. రాసుకోనివాళ్లకు మాత్రం రాష్ట్రానికో తీరు. టెక్సస్ లాభాన్ని పెట్టుబడిని బట్టి పంచమంటే, రాష్ట్రాలు అనుసరించడానికి తయారైన 2006 నాటి యూనిఫాం చట్టం నమూనా ఎవరెంత పెట్టినా తలకింత సమానంగా పంచమంటుంది. ఒకే కథకు ముగింపు కంపెనీ ఏ రాష్ట్రంలో పుట్టిందన్న దాన్ని బట్టి మారిపోతుంది.

ఇక రక్షణ. సభ్యుడి సొంత అప్పులవాళ్లు కంపెనీ మీద పడకుండా చార్జింగ్ ఆర్డర్ అనే అడ్డుగోడ ఉంది. లాభం పంచినప్పుడు ఆ సభ్యుడి భాగాన్ని వాళ్లు అందుకోగలరు, దుకాణం తాళాలు తీసుకోలేరు. మిగిలిన సభ్యులు నష్టపోకూడదన్నది దీని వెనుక ఉన్న ధర్మం. మిగిలిన సభ్యులే లేకపోతే? 2010లో ఓమ్‌స్టెడ్ కేసులో ఫ్లోరిడా సుప్రీంకోర్టుకు ఎదురైన ప్రశ్న ఇదే. క్రెడిట్ కార్డుల మోసం చేసినవాళ్లు ఒంటరి ఎల్‌ఎల్‌సీల్లో ఆస్తులు ఉంచుకున్నారు. వాళ్ల సభ్యత్వాన్ని మొత్తంగా అప్పగించమని ఆదేశించవచ్చని కోర్టు తేల్చింది. మరుసటి ఏడాదే శాసనసభ చట్టాన్ని సవరించి, ఇద్దరు, ఆ పైన ఉన్న సంస్థలకు ఆ గోడను గట్టిపరిచింది. ఒంటరి సంస్థకు గోడ పలచగానే మిగిలింది.

కంపెనీ అప్పులు సభ్యుడి ఇంటిదాకా రాకుండా ఉండే తెర కూడా చిరగనిదేం కాదు. ఎల్‌ఎల్‌సీకి పుట్టినిల్లయిన వయోమింగ్‌లోనే 2002లో, పశువుల పొలాన్ని చమురు పనులతో పాడుచేసిన ఒక ఎల్‌ఎల్‌సీ దగ్గర చెల్లించడానికి ఆస్తులే లేకపోయాయి. చట్టంలో మాట లేకపోయినా, తగిన సందర్భంలో తెర తీసి యజమానిని పట్టుకోవచ్చని కేసీ లాండ్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ కార్డుతో పిల్లల స్కూలు ఫీజు కట్టడం, ఇంటి ఖాతాలోంచి దుకాణం అద్దె ఇవ్వడం లాంటి అలవాట్లు అవతలి పక్షం లాయరుకు దొరికే మొదటి ఆధారాలు.

సభ్యుడు ఎవరు కావచ్చన్న దానికి పరిమితులు తక్కువే. పౌరసత్వం అక్కర్లేదు, అమెరికాలో ఉండనక్కర్లేదు. అయితే కాలిఫోర్నియాలో డాక్టర్లు, లాయర్లు, సీపీఏలు తమ వృత్తిని ఎల్‌ఎల్‌సీగా నడపకూడదు. టెక్సస్‌లో అదే పనికి పీఎల్‌ఎల్‌సీ అనే రూపం ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు వాటా ఉండటం తప్పు కాదు, అనుమతి లేకుండా అక్కడ పని చేయడమే తప్పు. పెట్టుబడి పెట్టి ఇంట్లో కూర్చోవచ్చు, శనివారం కౌంటర్లో నిలబడితే ఇబ్బంది మొదలవుతుంది. సొంత కంపెనీ ద్వారానే హెచ్-1బీ తెచ్చుకునే దారిని 2025 జనవరి 17 నుంచి అమలైన నిబంధనలు స్పష్టం చేశాయి. కంపెనీపై పట్టున్న యజమానికి మొదటి అనుమతి, తొలి పొడిగింపు 18 నెలలకు మించవు.

ఇక్కడి నుంచి పెట్టేవాళ్లు

విదేశీ క్లయింట్ల నుంచి చెల్లింపులు అందుకోవడానికి హైదరాబాద్, విజయవాడల్లో కూర్చునే డెలావేర్‌లోనో వయోమింగ్‌లోనో ఎల్‌ఎల్‌సీ పెట్టే యువత ఉన్నారు. మన ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) లాంటిదే అనుకుని దిగేవాళ్లకు తేడా తెలియాలి. 2008 చట్టం కింద వచ్చిన ఎల్‌ఎల్‌పీకి కనీసం ఇద్దరు కావాలి, 30 శాతం పన్ను సంస్థే కడుతుంది. ఎల్‌ఎల్‌సీకి ఒక్కరు చాలు, ఎంచుకుంటే తప్ప సంస్థగా ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు.

పన్ను లేకపోయినా కాగితం ఉంది. విదేశీయుడు ఒక్కడే సభ్యుడైన ఎల్‌ఎల్‌సీ, యజమాని డబ్బు పెట్టినా తీసినా ఆ లావాదేవీలను ఫారం 5472లో చూపి, పేరు, చిరునామా నింపిన 1120 కాగితానికి జతచేసి ఐఆర్‌ఎస్‌కు పంపాలి. మానేస్తే జరిమానా 25 వేల డాలర్లు. ఇటువైపు భారత విదేశీ మారక చట్టం ఫెమా ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం డబ్బు బ్యాంకు ద్వారానే, ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితిలోనే, తగిన ఫారంతోనే వెళ్లాలి. ఆపైన ఏటా డిసెంబరు 31లోగా కంపెనీ పనితీరు నివేదిక ఇవ్వాలి. ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లోనూ చూపాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు, చిన్న మొత్తాలకు మినహాయింపు ఉన్నా సరే చూపాల్సిందే. వంద డాలర్లకు పుట్టిన కంపెనీ రెండు దేశాల్లో ఇన్ని గడువులు వెంటబెట్టుకుని వస్తుంది.

చేయాల్సిన మరమ్మతు

అసలు యజమానులెవరో ఫెడరల్ ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన 2024 జనవరి 1న మొదలై, కోర్టు ఉత్తర్వుల మధ్య ఆగుతూ సాగుతూ, 2025 మార్చిలో అమెరికాలో పుట్టిన కంపెనీలన్నిటికీ రద్దయింది. ఏడాదికి పైగా చిన్న దుకాణదారులు ఆ ఫారం పెట్టాలో వద్దో తెలియక తిరిగారు. చిన్నవాళ్లకు ఎక్కువ మేలు చేసే మార్పు ఇంతకన్నా చిన్నది. మీరేమీ రాసుకోకపోతే ఈ రాష్ట్రంలో లాభం ఇలా పంచుతారు, ఓటు ఇలా లెక్కిస్తారు, సభ్యుడు పోతే ఇలా జరుగుతుంది అని ప్రతి రాష్ట్రమూ దరఖాస్తుతో పాటు ఒక్క పేజీ ఇవ్వాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఫీజూ అక్కర్లేదు.

ఫ్రిస్కో టిఫిన్ సెంటర్‌ను మూసేయాలనుకున్న రోజున కూడా మూడు గడపలూ మళ్లీ దాటాలి. ముగ్గురూ లెక్కలు తేల్చుకోవాలి. ఐఆర్‌ఎస్‌కు పంపే 1065లో ఇదే చివరి రిటర్నని గడి టిక్కు పెట్టాలి. టెక్సస్ పన్నులు చూసే కంప్ట్రోలర్ నుంచి బకాయిలు లేవన్న పత్రం తెచ్చుకోవాలి. దాన్ని జతచేసి, 40 డాలర్లు కట్టి, ఫారం 651 పంపాలి. ఆ ఫారంలో కూడా, 80 వేలు పెట్టినాయనకు ఎంత వెనక్కి రావాలి అన్న గడి లేదు.